పేరును చిరునామాయు

నేడు నేను ప్రసంగింపనున్న విషయము వినగానే మీలో కొందరు చిరునవ్వు నవ్వుకొందురేమో. ముప్పదియేండ్లకు పైగా బడిలో శబ్దమంజరి వల్లె వేయించిన తెలుగు పండితునకు కంప్యూటరుతో నేమి పనియని అడుగవచ్చును. కాని కంప్యూటరులో నేను తీసికొన్న భాగము పేర్లకు సంబంధించినది. పేర్ల సంగతి మొదటినుండియు పండితుల సంగతియే గదా! చిన్ననాట మా గురువుగారు నాచేత కంఠస్థము చేయించిన తొలి గ్రంథము అమరకోశము. దాని అసలు పేరు నామలింగానుశాసనము. ఏ పేరు ఏ వస్తువును చెప్పునో తెలుపు గ్రంథమది. కంప్యూటరులకును అట్టి కోశమొకటి కలదు. దానిని నేను సరిగా నడపలేక ఒక బాలికకు కలిగించిన కష్టమును, దానివలన నేర్చిన పాఠమును నేడు మీకు మనవి చేసెదను.

ఇంటర్నెట్టు అను మహాజాలమున చేరిన ప్రతి యంత్రమునకును సంఖ్యారూపమైన చిరునామా యుండును. ఎక్కువ వాడుకలోనున్న పద్ధతిలో అది చుక్కలతో విడదీయబడిన నాలుగు సంఖ్యలు. ఒక్కొక్కటి 0 మొదలు 255 లోపల నుండును. ఇంతకంటె చాల పొడవైన నూతన పద్ధతియు వ్యాపించుచున్నది. యంత్రముల నడుమ ఉత్తరప్రత్యుత్తరములు నడుచునది ఈ సంఖ్యలను బట్టియే. మనకో, పేరు జ్ఞాపకముండును గాని సంఖ్య యుండదు. కావున మనము పేరు వ్రాయుదుము. యంత్రము ఆ పేరునకు సంఖ్య యేదో కనుగొని, పిమ్మట ప్రయాణమారంభించును. ఆ కనుగొను ఏర్పాటునకే డొమైన్ నేమ్ సిస్టమ్ అని పేరు. పొడి యక్షరములలో డి.ఎన్.ఎస్. అందురు.

శబ్దమునకును అర్థమునకును గల సంబంధము నిత్యమని మీమాంసకులు చెప్పుదురు. అది సంకేతమువలన ఏర్పడినదని నైయాయికులు వాదింతురు. కంప్యూటరు పేర్ల విషయమున నైయాయికులదే గెలుపు. పేరు నేడొక సంఖ్యను చెప్పును. దాని యజమానుడు యంత్రమును మార్చినచో రేపు మరియొక సంఖ్యను చెప్పును. సంకేతము మారినట్లు అందరకును తెలియుట ఎట్లు? తెలియనివాని గతి యేమి? నేటి ప్రసంగమంతయు ఈ రెండు ప్రశ్నలయందే యున్నది.

రేపల్లెకు చేరువనున్న మా యూరి గ్రంథాలయమున ఒక కంప్యూటరు కలదు. ఉద్యోగవిరమణానంతరము దానిని చూచుకొను పని నా నెత్తిన బడినది. లినక్సు అను వ్యవస్థతో నడచు యంత్రమది. పిల్లలు దరఖాస్తులు పంపుకొనుటకును, ఫలితములు చూచుకొనుటకును వత్తురు. 2022 వ సంవత్సరపు వానకాలమున ఒకనాడు ఏ పేరు వ్రాసినను పుట తెరువబడదాయెను. పట్టణమున ఉద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యునకు ఫోను చేసితిని.

"మాస్టారూ, ముందు 8.8.8.8 అన్న నంబరుకు పింగు పంపి చూడండి" అనెను.

పింగు అనగా ఉన్నావా యని పిలుచుట. వెంటనే ఉన్నానని జవాబులు వచ్చినవి.

"అయితే దారి బాగానే ఉందండీ. పేర్లు చెప్పేవాడే పలకడం లేదు" అని వాడు తేల్చెను.

ఈ పరీక్షను మీరును జ్ఞాపకముంచుకొనుడు. పుట తెరువబడనపుడు దారి తెగినదా, పేరు దొరకలేదా యని మొదట విడదీయవలెను. సంఖ్యతో పిలిచిన పలికి, పేరుతో పిలిచిన పలుకనిచో లోపము పేర్ల ఏర్పాటునందున్నట్లు ఊహింపవలెను.

ఆనాడు విద్యార్థివేతనపు దరఖాస్తులు పంపవలసిన పిల్లలు నలుగురు నాయెదుట కూర్చుండియుండిరి. తక్షణోపాయముగా నా శిష్యుడు ఆ వేతనము లిచ్చు సంస్థవారి యంత్రపు సంఖ్యను తానే కనుగొని చెప్పి, దానిని మా కంప్యూటరులో హోస్ట్స్ అను ఫైలునందు వ్రాయుమనెను. వ్రాసితిని. పుట తెరువబడెను. పిల్లలు సంతోషించిరి. నేనును నా విద్యకు మురిసితిని.

ఈ హోస్ట్స్ ఫైలు సంగతి కొంచెము చెప్పవలెను. అది యంత్రమునకు సొంత జాబితా. పంక్తికొక సంఖ్యయు, దాని ప్రక్కన పేరును ఉండును. దాని మొదటి పంక్తి సాధారణముగా 127.0.0.1, లోకల్‌హోస్ట్ అని యుండును. ఇది వ్యాకరణములోని అస్మచ్ఛబ్దము వంటిది. 'నేను' అని యెవరు పలికిన ఆ పలికినవారికే చెందినట్లు, ఏ యంత్రము ఈ పేరు పలికినను అది ఆ యంత్రమునే చెప్పును. యంత్రము పేరునకు సంఖ్యను వెదకునపుడు ముందు ఈ సొంత జాబితాను చూచి, అందు లేకున్నచో వెలుపలివారిని అడుగును. ఏది ముందో ఏది వెనుకో ఎన్.ఎస్.స్విచ్ డాట్ కాన్ఫ్ అను మరియొక ఫైలులో వ్రాసియుండును. వాడుకలో సొంత జాబితాకే అగ్రతాంబూలము. ఈ అగ్రతాంబూలమే తరువాత నన్ను తలవంపులపాలు చేసినది.

ఒకప్పుడు లోకమందలి యంత్రములన్నియు ఇట్టి జాబితాతోనే నడచినవి. ఇంటర్నెట్టునకు మాతృకయైన ఆర్పానెట్టు కాలమున కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థయందు ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషీమణి ఆధ్వర్యమున ఒక సమాచార కేంద్రముండెను. క్రొత్త యంత్రము చేరినను, పాతది చోటు మారినను ఆ కేంద్రమునకు తెలుపవలెను. వారు ఏకైక జాబితాలో దిద్దుదురు. తక్కినవారందరును ఆ జాబితాను అప్పుడప్పుడు నకలు తెచ్చుకొందురు. యంత్రములు కొన్ని వందలున్నంతవరకు ఇది సాగెను. పిమ్మట పెరుగుదల మీద పెరుగుదల వచ్చెను. యంత్రములు రెట్టింపైనచో జాబితాయు రెట్టింపగును, దానిని తెచ్చుకొనువారును రెట్టింపగుదురు. అనగా మోత నాలుగింతలగును. దిద్దిన జాబితా అందరకును చేరునప్పటికి అందు కొన్ని పంక్తులు మరల పాతబడియుండును. ఎవరి చేతిలోని నకలు ఏనాటిదో చెప్పలేని స్థితి యేర్పడినది.

1983 వ సంవత్సరమున పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సమాచారశాస్త్ర సంస్థలో నుండి, జాన్ పోస్టెల్ ప్రోత్సాహమున, దీనికి మందు కనిపెట్టెను. అదియే డి.ఎన్.ఎస్. దాని నియమములు 1987 లో సవరింపబడి, అటుపిమ్మట ఎన్నో చేర్పులు పొందియు, మూలసూత్రములు చెడక నేటికిని నడచుచున్నవి.

ఆ యేర్పాటులోని సొగసు తెలుగు పండితునకు సులభముగా తెలియును. తెలుగు వికీపీడియా అను విజ్ఞానసర్వస్వపు పేరు చూడుడు: టీఈ.వికీపీడియా.ఆర్గ్. చుక్కలతో కూర్చిన మూడు పదముల సమాసమిది. తత్పురుషమున వలె దీనియందును ఉత్తరపదమే ప్రధానము. కావున విగ్రహము చివరినుండి చెప్పవలెను: ఆర్గ్ అను వర్గమునకు చెందిన వికీపీడియా యొక్క తెలుగు శాఖ. యంత్రములును సరిగా ఇట్లే విగ్రహము చెప్పును. మనము వ్రాయని మరియొక చుక్క పేరునకు కట్టకడపట నున్నట్లు భావింపవలెను. అది మూలస్థానము. అచ్చటి సర్వరులకు ఏ మొదలు ఎమ్ వరకు గల అక్షరములతో 13 పేర్లు కలవు. ఒక్కొక్క పేరు వెనుకను అనేక యంత్రములుండి, మొత్తము వేయికి మించి, మన దేశముతో సహా భూమండలమంతట వ్యాపించియున్నవి.

మూలస్థానమును అడిగిన "తెలుగు వికీపీడియా సంఖ్య నాకు తెలియదు, ఆర్గ్ వర్గపు పెద్దలెవరో చెప్పెదను" అనును. ఆ పెద్దలను అడిగిన "వికీపీడియా వారి పేర్లు చెప్పు సర్వరులు ఇవి" అందురు. కడకు ఆ సర్వరులను అడిగిన సంఖ్య లభించును. తనకు తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినవారి యింటికి దారి చూపుట ఈ యేర్పాటునందలి మర్యాద. ఆ తుదిమాట చెప్పువానిని మన తర్కశాస్త్రమున ఆప్తుడందురు. ఉన్నది ఉన్నట్లు చెప్పువాడు ఆప్తుడు. వాని మాటయే ప్రమాణము. ప్రతి పేరునకును ఇట్టి ఆప్తులు ఏర్పడియుందురు. చోటు మారినపుడు వారియొద్ద దిద్దిన చాలును. లోకమంతటికి జాబితా పంచబనిలేదు. ఇప్పుడు మన తెలుగు లిపిలోనే .భారత్ అను వర్గమును మూలస్థానమున చేరియున్నదని చెప్పుటకు సంతోషించుచున్నాను.

అయినను మన బల్లమీది యంత్రము ఇంతదూరము తానై తిరుగదు. ఒక మధ్యవర్తిని అడిగి యూరకుండును. ఆ మధ్యవర్తియే తిరిగి తిరిగి జవాబు తెచ్చి యిచ్చును. ఎవరిని అడుగవలెనో రిసాల్వ్ డాట్ కాన్ఫ్ అను ఫైలులో వ్రాసియుండును. ఆంగ్లమున ఆ మాట చివర నుండవలసిన 'ఈ' అక్షరము ఆ ఫైలు పేరులో లేదు. బడిపంతులు అలవాటు చొప్పున నేను మొదట దానిని దోషమనుకొని దిద్దబోయితిని. దిద్దకుడు, దిద్దినచో యంత్రమునకు ఆ ఫైలే కనబడదు. అందు నేమ్‌సర్వర్ అను మాట, దాని ప్రక్కన మధ్యవర్తి సంఖ్య యుండును. సాధారణముగా ఇట్టివి మూడు పంక్తులవరకే లెక్కకు వచ్చును. మొదటివాడు అయిదు సెకండ్లలో పలుకనిచో రెండవవాని నడుగును. కావున మొదటి పంక్తిలో పలుకనివానిని పెట్టినచో ప్రతి పుటయు తెరువబడును గాని ఆలస్యముగా తెరువబడును. మనము దారిని నిందింతుము. నేటి యంత్రములు పెక్కింటిలో ఈ ఫైలును వేరొక ప్రోగ్రాము తానే వ్రాయుచుండును. అందు మనము చేతితో వ్రాసినది మరల యంత్రము లేచునప్పటికి చెరిగిపోవచ్చును. అందు 127.0.0.53 అను సంఖ్య కనబడినచో అది ఆ ప్రోగ్రాము గుర్తు. అట్టియెడ నెట్‌వర్కు అమరికలలోనే మార్పు చేయవలెను.

నా శిష్యుడు ఆ వారమున ఊరికి వచ్చినపుడు చేసినది ఇదియే. పలుకని మధ్యవర్తిని తొలగించి, పలుకువానిని అమర్చెను. పోవుచు, "మాస్టారూ, హోస్ట్స్ ఫైలులో రాసిన ఆ లైను తీసేయండి, మరిచిపోకండి" అనెను. అట్లే నాయనా యంటిని. మరచితిని.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చితిమి. మధ్యవర్తి ఒకసారి తెచ్చిన జవాబును కొంతసేపు తనయొద్ద దాచుకొనును. లేనిచో ప్రతి చిన్న పనికిని మూలస్థానము వరకు పోవలసివచ్చును. అయితే ఎంతసేపు దాచుకొనవచ్చునో నిర్ణయించువాడు మధ్యవర్తి కాడు, ఆప్తుడే. ప్రతి జవాబుతోను ఆయన ఒక గడువును సెకండ్లలో పంపును. 300 అన్నచో అయిదు నిమిషములు. 3,600 అన్నచో ఒక గంట. 86,400 అన్నచో ఒక దినము. గడువు తీరినపిదప మధ్యవర్తి ఆ జవాబును పారవైచి, మరల అడుగవలెను. యంత్రమును మార్చదలచిన బుద్ధిమంతులు ముందుగానే గడువును తగ్గించి, పాత గడువు పూర్తిగా గడచువరకు ఆగి, అప్పుడు చోటు మార్తురు. అందుచేత మార్పు కొలది నిమిషములలో లోకమంతట తెలియును. "ఇది నిజము" అనుటతో ఆప్తుడు ఆగడు. "ఇంతకాలము దీనిని నమ్ముము, పిమ్మట నన్ను మరల అడుగుము" అనును. డి.ఎన్.ఎస్. లో నాకు మిక్కిలి నచ్చిన గుణమిది.

హోస్ట్స్ ఫైలులో సంఖ్య వ్రాయుటకు చోటున్నది; పేరు వ్రాయుటకు చోటున్నది. గడువు వ్రాయుటకు చోటు లేదు.

2023 లో ఆ వేతనముల సంస్థవారు తమ యంత్రమును మార్చిరి. లోకమంతట ఆ పేరు క్రొత్త సంఖ్యను చెప్పుచుండెను. మా గ్రంథాలయమున మాత్రము నా చేతివ్రాత పాత సంఖ్యనే చెప్పుచుండెను. సోమవారమునాడు ఇంటర్మీడియట్ చదువు బాలిక యొకతె తన పత్రములన్నియు మా యంత్రమున స్కాను చేసి పెట్టుకొని, దరఖాస్తు పంపబోగా పుట తెరువబడలేదు. "సంస్థవారి యంత్రము చెడియుండునమ్మా, రేపు రమ్ము" అంటిని. మంగళవారమును అట్లే యంటిని. బుధవారమునాడు వచ్చిన యిద్దరు బాలురకును అదే చెప్పితిని. వారు బస్సెక్కి పట్టణమునకు పోయి, అచ్చటి నెట్టు దుకాణమున డబ్బిచ్చి పని ముగించుకొనిరి. బాలిక తండ్రి కూలిపనికి పోవువాడు. ఆమె పట్టణమునకు పోలేదు. పంతులు చెప్పిన మాట నమ్మి ప్రతిదినమును వచ్చుచుండెను. శుక్రవారము అర్ధరాత్రితో గడువు ముగియును.

శుక్రవారము సాయంకాలము ఆ పిల్ల నాతో, "మాస్టారూ, మా పక్కింటి అక్క ఫోనులో ఆ పేజీ తెరుచుకుంటోందండీ. ఇక్కడ మాత్రమే రావడం లేదు" అనెను.

ఆ ఫోనులోని నెట్టునే మా కంప్యూటరునకు కలిపి చూచితిమి. తక్కిన పుటలన్నియు తెరువబడినవి, అది తెరువబడలేదు. దారి మార్చినను జబ్బు మారలేదు గనుక జబ్బు మా పెట్టెలోనే యున్నదని ఆ పిల్లయే తేల్చినది. నాకు అప్పటికిని తట్టలేదు. మరల శిష్యునకు ఫోను చేసితిని. వాడు రెండు ప్రశ్నలు వేయించెను. ఒకటి, డిగ్ అను ఆజ్ఞతో 8.8.8.8 అను మధ్యవర్తిని నేరుగా ఆ పేరు అడుగుట. రెండవది, గెటెంట్ అను ఆజ్ఞతో మా యంత్రమునే అడుగుట. మొదటి ప్రశ్నకు ఒక సంఖ్య వచ్చెను. రెండవదానికి మరియొక సంఖ్య వచ్చెను. పేరొకటి, జవాబులు రెండు.

"ఆ రెండో నంబరు ఎక్కడో చూసినట్టు లేదా మాస్టారూ?" అని వాడు మెల్లగా అడిగెను.

ఫైలు తెరచితిని. నేను వ్రాసిన పంక్తి వ్రాసినట్లే యున్నది. దాని ముందు అడ్డునిలువు గీతల గుర్తు నొకటి పెట్టగా యంత్రము దానిని చదువుట మానెను. పుట తెరువబడినది. ఆ పిల్ల దరఖాస్తు నింపి పంపి, అందినట్లు రసీదు పొందునప్పటికి రాత్రి పది గంటలు దాటెను. ఇంకను రెండు గంటలకు లోపుగా వ్యవధి యుండెను. మరునాడు ఆ యిద్దరు బాలుర యిండ్లకు పోయి, వారి బస్సుఖర్చులు ఇచ్చివేసితిని. వారు వలదనిరి, నేను వినలేదు.

శ్రోతలారా! నేను ఆ పిల్లకు అబద్ధము చెప్పలేదు. ఒకప్పుడు నిజమైనదానిని ఇంకను నిజమని నమ్మితిని, యంత్రముచేతను నమ్మించితిని. అజ్ఞానికి సందేహము కలుగును, అడుగును. పాతబడిన జ్ఞానము గలవానికి సందేహము కలుగదు, అడుగడు. నా పంక్తి అక్కడ లేనిచో మా యంత్రము ఇతరులను అడిగి నిజము తెలిసికొనియుండెడిది. ఉండుటచేతనే అడుగలేదు.

2022 ఏప్రిల్ 4 న ఆంధ్రప్రదేశమున 13 జిల్లాలు 26 జిల్లాలైనపుడు మా రేపల్లె ప్రాంతము గుంటూరు జిల్లానుండి బాపట్ల జిల్లాలోనికి పోయెను. నా పాతమిత్రులు కొందరు ఇంకను గుంటూరు జిల్లా యనియే జాబులు వ్రాయుదురు. తపాలావారు దయగలవారు గనుక అవి నాకు చేరుచున్నవి. యంత్రమునకు అట్టి దయ లేదు. వ్రాసిన సంఖ్యకే పోవును. అచ్చట నెవరును లేకున్నచో తిరిగివచ్చును.

కంప్యూటరు చూచుకొను భారము గలవారికి నా యనుభవమున తేలిన మాటలు చెప్పి ముగించెదను. పుట తెరువబడనపుడు ముందు సంఖ్యతో పిలిచి దారిని పరీక్షింపుడు. పిమ్మట పేరుతో పిలువుడు. ఒక యంత్రమున మాత్రమే లోపము కనబడినచో వెలుపలివారిని నిందింపక ముందు దాని సొంత జాబితా తెరచి చూడుడు. ఆ జాబితాలో చేతితో వ్రాయుట తప్పనిసరియైనచో, పై పంక్తిలో అడ్డునిలువు గీతల గుర్తు పెట్టి, ఎవరు వ్రాసిరో, ఏ దినమున వ్రాసిరో, ఎందులకు వ్రాసిరో, ఎప్పుడు తీయవలెనో వ్రాయుడు. ఫైలులో గడువునకు చోటు లేదు గనుక ఆ గడువును మనమే కల్పింపవలెను. మా గ్రంథాలయపు గోడమీద ఇప్పుడు ఒక కాగితమున్నది. దానిపై ప్రతినెల మొదటి తేదీని "హోస్ట్స్ ఫైలు చూచితిని" అని సంతకము చేయుచున్నాను.

మరియొక సంగతి. ఆనాటి బాలిక ఇప్పుడు పట్టణమున చదువుచు, సెలవులలో వచ్చినపుడు మా కంప్యూటరును చూచిపోవుచుండును. మొన్న వచ్చినపుడు గోడమీది కాగితము చూచి, "గత నెల సంతకం లేదేమండీ మాస్టారూ?" అని యడిగినది. వెంటనే ఫైలు తెరచి చూచి, సంతకము చేసితిని.